అన్నకు అల్లం, తమ్ముడికి మిరియాలు

మొన్న నర్సయ్యన్న మా ఇంటికి వచ్చినప్పుడు, బెల్లు కొట్టబోతూ ఆగి, గుమ్మం పక్కన విడిచిన చెప్పుల వైపు ఒకసారి చూశాడు. కిటికీలోంచి నేను గమనించాను కాబట్టి తెలిసింది. ఆ అలవాటు ఆయనకు దోహాలో పడింది. అల్ సద్‌లో మేమున్న ఫ్లాటు ముందు ఎవరి చెప్పులున్నాయో చూసుకున్నాకే లోపలికి వచ్చేవాడు. వాళ్ళన్న గంగారాం చెప్పులుంటే మెట్లు దిగి వెళ్ళిపోయేవాడు. ఇది హైదరాబాదని, చూసినా ఆ చెప్పులు ఇక కనిపించవని ఆయనకు తెలుసు. గంగారామన్న పోయి ఇంకా నెల తిరగలేదు. అయినా కళ్ళు అటే పోయాయి.

లోపలికి వచ్చి సోఫా అంచున కూర్చుని, "చెల్లె, ముందుగాల చాయ పెట్టు. తర్వాత ముచ్చట" అన్నాడు. పక్క గదిలోంచి మా అత్తమ్మ, "నర్సిగాడేనా? పాలు పొయ్యి మీద పెట్టి ముచ్చట్ల పడకు బిడ్డా, పొంగిపోతయ్" అని కేకేసింది. మోకాళ్ళు పట్టేసి మంచం దిగడం కష్టమైనా, పొయ్యి మీద ఆమె పెత్తనం మాత్రం తగ్గలేదు. నేను గిన్నెలో నీళ్ళు పోసి అల్లం కోసం బుట్టలో చెయ్యి పెట్టాను. అల్లం వాసన ముక్కుకు తగిలేసరికి నేను ఇక్కడ లేను. ఆ ఫ్లాటులో, ఆ వంటింట్లో, కొత్త కోడలిగా, ఏమీ చేతకాని దానిలా నిలబడి ఉన్నాను.

నాది గుడివాడ. మాది కాఫీ ఇల్లు. టీ అనేది జ్వరమొచ్చినప్పుడు బ్రెడ్డుతో పాటు తీసుకునే మందు అని మా నాన్నగారి అభిప్రాయం. అలాంటి ఇంట్లో పుట్టి, హైదరాబాదులో చదువుకుంటూ జగిత్యాల వైపు అబ్బాయి రవిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాను. రవికి అప్పటికే కతార్‌లో ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ కీపర్ ఉద్యోగం వచ్చింది. వాళ్ళ ఊళ్ళో మాత్రం "రవిగాడు దుబాయ్ పోయిండు" అనేవాళ్ళు. దోహా వేరే ఊరని, అసలు వేరే దేశమని చెబితే "ఏదైతేంది, అదంత దుబాయే" అని తేల్చేసేవాళ్ళు. మా అమ్మ ఇచ్చిన ఇత్తడి కాఫీ ఫిల్టరును నేను పెట్టెలో చీరల మధ్య చుట్టిపెట్టుకుని తీసుకెళ్ళాను. ఆ ఫిల్టరే నా పరువు తీసింది.

మేము దిగింది రవి మేనత్త రాజమణి అత్తమ్మ ఫ్లాటులో. ఆమె ఒక క్లినిక్‌లో నర్సు. భర్త పోయాక ఒంటరిగా ఆ దేశం వచ్చి, ఆ వీధిలో పాతుకుపోయిన మనిషి. పొద్దున్నే తెల్ల బూట్లు తుడుచుకోవడం, గడియారం జేబుకు తలకిందులుగా గుచ్చుకోవడం, చాయ తాగడం, ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి తప్పకుండా జరగాలి. వెళ్ళిన మర్నాడే మంచి కోడలిననిపించుకుందామని నేను ముందు లేచి, చాయపత్తా తీసుకెళ్ళి కాఫీ ఫిల్టరులో వేసి వేడినీళ్ళు పోసి కూర్చున్నాను. డికాక్షన్ అంటే నాకు తెలిసింది అదొక్కటే. అత్తమ్మ తయారై వచ్చి, ఫిల్టరు మూత తీసి లోపలికి చూసింది. "ఇదేంది బిడ్డా, సెలైన్ ఎక్కిచ్చినట్టు చుక్కచుక్క పడుతున్నది? గీ చాయ ఎప్పుడు తాగాలె, నేను డ్యూటీకి ఎప్పుడు పోవాలె?" అంది. ఆ మాట క్లినిక్ దాకా వెళ్ళింది. తర్వాత నేనెప్పుడు కళ్ళజోడు మార్పించుకోవడానికో, పన్ను చూపించుకోవడానికో వెళ్ళినా, అక్కడి నర్సమ్మలు నన్ను చూసి సెలైన్ చాయ కోడలు వచ్చిందని నవ్వుకునేవాళ్ళు.

ఆరోజు సాయంత్రమే నా చదువు మొదలైంది. అల్లం ఎప్పుడూ నీళ్ళలోనే వేయాలి, పాలలో వేస్తే విరుగుతాయి. అల్లం తరగకూడదు, దంచాలి, అదీ తొక్కతోనే. యాలకులు పగలగొట్టాలి గాని పొడి చేయకూడదు. నీళ్ళు రంగు మారాక పత్తా, పత్తా పొంగాక చక్కెర, అన్నిటికంటే చివర పాలు. గిన్నె పొయ్యి మీదున్నంత సేపు మనిషి అక్కడే ఉండాలి, ఫోను మోగినా సరే. ఒకసారి కాచిన చాయ మళ్ళీ వేడి చేయకూడదు. "మల్ల కాగబెడితే అది చాయ గాదు, కషాయం" అనేది. ఇంటికొచ్చిన వాళ్ళను చాయ తాగుతారా అని అడగడమన్నా ఆమెకు మహా కోపం. "అడిగితే ఎవలైనా వద్దనే అంటరు. పెట్టి చేతికియ్యాలె" అనేది. మా గుడివాడలో కూడా అంతేగాని, ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పగా వినలేదు.

ఊరు ఊరంతా అప్పుడు ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం తవ్వి పోసి ఉండేది. మా వీధి కింద మెట్రో సొరంగం పోతోందని అడ్డంగా రేకులు పాతారు. ఎదురుగా కనిపించే కిరాణా కొట్టుకు ఈవారం ఎడమ నుంచి వెళితే, వచ్చే వారం కుడి నుంచి చుట్టు తిరిగి వెళ్ళాలి. పెరుగు కోసం బయల్దేరి దారి తప్పి, దంతాల ఆసుపత్రి వెనక తేలిన రోజులున్నాయి. ఎన్ని కిటికీలు మూసినా పొద్దుటికల్లా బల్ల మీద సన్నటి ఇసుక పరుచుకునేది. ఎక్కడ చూసినా క్రేన్లే. సందు చివర కరక్ చాయ కొట్టు ముందు కార్లు ఆగి హారన్ కొడితే కాగితపు కప్పులు కిటికీలోంచి లోపలికి వెళ్ళేవి. ఆ కరక్ నాకు లోపల్లోపల ఇష్టమే. అత్తమ్మ మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. "డబ్బా పాలు, బొచ్చెడు చక్కెర. చాయ తాగినట్టున్నదా, పాయసం తాగినట్టున్నదా?" అనేది. రవీ నేనూ ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు దొంగతనంగా వెళ్ళి తాగి వచ్చేవాళ్ళం. అంగీ మీద కుంకుమపువ్వు వాసన పట్టేసేది. ఆమె ముక్కు ఊరుకుంటుందా!

శుక్రవారం మా ఇంట్లో రెండు గిన్నెల చాయ. ఎందుకో చెబుతాను. గంగారాం, నర్సయ్య అన్నదమ్ములు. రవి ఊరివాళ్ళే, వరుసకు రవికి బావలు. అలా నాకు అన్నలయ్యారు. గంగారామన్న ఉమ్ సలాల్‌లో ఒక దొరగారి తోటలో పనివాడు. ఖర్జూరం చెట్లు, మేకలు, కాస్త గడ్డి చేను, అన్నీ ఆయనే చూసుకునేవాడు. గడ్డి వాసనతో, దుమ్ము కొట్టుకున్న చెప్పులతో, సంచిలో కట్ట పుదీనాతో మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చేవాడు. సోఫా ఉండగా నేల మీదే కూర్చునేవాడు. నర్సయ్యన్న అల్ తుమామా వైపు లేస్తున్న ఎత్తయిన భవనానికి పరంజా కట్టేవాడు. నీటుగా ఇస్త్రీ చొక్కా, అత్తరు, నున్నగా దువ్విన జుట్టు, పొద్దు వాలే వేళకు దిగేవాడు. ఒకరు వెళ్ళాక ఒకరు. గుమ్మం ముందు చెప్పులే కాపలా.

ఇద్దరూ అడిగేది ఒకటే, "చెల్లె, మా అవ్వ పెట్టినట్టు పెట్టు". ఆ ఊళ్ళలో అమ్మను అవ్వ అంటారు. అయితే గంగారామన్న లెక్కలో అవ్వ చాయ అంటే దండిగా అల్లం. నర్సయ్యన్న లెక్కలో అవ్వ చాయ అంటే మిరియాలు, అల్లం వాసనే తగలకూడదు. ఒకే తల్లి, ఒకే పొయ్యి, రెండు చాయలు. ఎవరిది నిజమో తేల్చడం నావల్ల కాక మధ్యాహ్నం అల్లం గిన్నె, సాయంత్రం మిరియాల గిన్నె పెట్టేదాన్ని. నేను మనసు పెట్టి కాచిన చాయను ఇద్దరూ కళ్ళు మూసుకుని గుటక వేసి, కాసేపు ఆలోచించి, "మంచిగనే ఉన్నది గని ఏదో తక్కువైంది" అనేవాళ్ళు. ఆ ఒక్క మాట మాత్రం ఇద్దరిదీ ఒకటే. నాకు ఒళ్ళు మండేది. లవంగం వేసి చూశాను, దాల్చినచెక్క వేసి చూశాను, శొంఠి వేసి చూశాను. తక్కువైంది తక్కువగానే ఉండేది.

వాళ్ళు మాట్లాడుకోకపోవడానికి కారణం కూడా ఆ అవ్వే. పరంజా మీద పనిచేసేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసి ఉండదు, అందరూ పాటిస్తారు. ఎత్తు మీద పనిచేసేవాడికి ఇంటి దగ్గరి చెడ్డ కబురు చెప్పకూడదు. మనసు ఒక చోట, కాలు ఒక చోట ఉంటే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. రవి స్టోరుకు వచ్చే ఒకాయన బర్రె చచ్చిపోతే, అది ఇంకా పాలిస్తున్నట్టే ఇంటివాళ్ళు ఫోనులో చెప్పుకొచ్చారట. ఎంత వెన్న వచ్చిందో కూడా చెప్పారట. సెలవు మీద ఊరికెళ్ళి కొట్టంలోకి తొంగి చూశాకే ఆయనకు సంగతి తెలిసింది. ఇది విని మేము కడుపు పట్టుకుని నవ్వాం. కానీ అవ్వ పోయినప్పుడు గంగారామన్న అదే పని చేశాడు. దొరను బతిమాలుకుని ఒక్కడే విమానమెక్కి వెళ్ళి, దినాలు జరిపించి వచ్చాడు. తమ్ముడికి చెప్పొద్దని ఊరందరి దగ్గరా మాట తీసుకున్నాడు. నర్సయ్యన్నకు ఎవరూ నోటితో చెప్పలేదు. తిరిగొచ్చిన అన్న నెత్తిన టోపీ ఏమిటా అని చటుక్కున లాగి, గుండు చూసి తెలుసుకున్నాడు. ఆ రోజు నుంచి అన్నతో మాట లేదు.

"ఊరంతకు ఎరుకే, అవ్వ కొడుకునైన నాకు ఎరుక లేదు. గిసొంటోడు అన్ననా?" అని నర్సయ్యన్న మా ఇంట్లోనే చాలాసార్లు అన్నాడు. గంగారామన్న మాత్రం ఆ ఊసే ఎత్తేవాడు కాదు. వెళ్ళేముందు గ్లాసు కడిగి బోర్లించి, "వాడు మంచిగున్నడా? పరంజా మీద బెల్టు కట్టుకుంటున్నడా?" అని అత్తమ్మను అడిగి వెళ్ళేవాడు. అన్ని శుక్రవారాలూ అదే ప్రశ్న. అత్తమ్మకు ఇది చూడలేని బాధగా ఉండేది. వీళ్ళిద్దరినీ ఒక్క గిన్నె ముందు కూర్చోబెట్టకపోతే తన పేరు రాజమణే కాదని ఒకసారి నాతో పంతం కూడా పట్టింది. ఎన్ని పండుగలకు పిలిచినా ఇద్దరిలో ఒకరు తప్పించుకునేవారు.

అలాంటి సమయంలో ఒక సోమవారం పొద్దున లేచేసరికి పక్క దేశాలు దారులు మూసేశాయన్నారు. పాలన్నీ ఆ సరిహద్దు దాటి లారీల్లో రావాల్సిందే. మధ్యాహ్నానికి జనం బండ్ల నిండా నింపుకుని వెళ్ళారు. నేను తాపీగా సాయంత్రం వెళితే పాల అరలో తెల్లటి బల్బు వెలుతురు తప్ప ఏమీ లేదు. పెద్ద పెద్ద విషయాలు టీవీలో నడుస్తున్నాయి. మా ఇంట్లో మాత్రం ఒకటే చర్చ, చాయ ఎలా? తర్వాత ఆ దేశం ఏకంగా ఆవులనే విమానాల్లో తెప్పించుకుంది. "మేము మాత్రం లో కాస్ట్ విమానంల కాళ్లు ముడుచుకొని అస్తిమి, ఆవులు దర్జాగ అస్తున్నయ్" అని రవి చాలా రోజులు ఉడుక్కున్నాడు.

అత్తమ్మ మాత్రం ఉడుక్కోలేదు. సందు దొరికింది ఆమెకు. ఇద్దరికీ ఫోన్లు చేసింది, ఇద్దరికీ ఒకే పాఠం. "పాలు మాఫీ, చుక్క లేవు. ఈ శుక్రవారం ఒక్కటే గిన్నె పెడుతున్న. మూడింటికి వస్తే చాయ, తర్వాత వస్తే మంచినీళ్లు." ఫోను పెట్టేశాక నేను, "ఇద్దరూ ఒకేసారి వచ్చేస్తారు కదా అత్తమ్మా?" అన్నాను. "అస్తే అస్తరు. నన్నేం చేయమంటవ్? పాల లారీలను నేను ఆపిన్నా?" అంది, ముఖంలో నవ్వు కనబడనీయకుండా.

శుక్రవారం వచ్చింది. ఉపవాసాల నెల కావడంతో వీధి నిశ్శబ్దంగా ఉంది. మేము కిటికీ తెర వేసి వంటింటి పని మొదలుపెట్టాం. రవి డ్యూటీకి వెళ్ళినా, ఫ్రిజ్‌లో ఉన్న పాలు మిగిలిన నలుగురికీ ఆనవు. పొద్దున కొట్టుకు వెళితే టర్కీ నుంచి కొత్త సరుకు దిగిందన్నారు. అందరూ ఎగబడుతుంటే నేనూ ఎగబడి రెండు సీసాలు పట్టుకున్నాను. తెల్లగా ఉన్నాయి, బొమ్మ మీద ఆవు ఉంది, చల్లగా ఉన్నాయి. ఇంకేం కావాలి? అత్తమ్మకు చెప్పకుండా ఫ్రిజ్‌లో దాచి, చివర్లో తీసి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

ముందు గంగారామన్న వచ్చాడు. ఎప్పటి సంచే, పుదీనా అత్తమ్మ చేతికిచ్చి సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి బయట అడుగులు వినిపించి ఆగిపోయాయి. దుమ్ము చెప్పులు కనబడి ఉంటాయి. అడుగులు వెనక్కి మళ్ళేలోపు అత్తమ్మ వెళ్ళి తలుపు బార్లా తీసింది. "యల్లా, లోపటికి రా. ఏసీ అంత బయటికి పోతున్నది" అంది. చిన్నమ్మ వరుస మనిషి అలా గదమాయిస్తే నర్సయ్యన్న ఏం చేస్తాడు, వచ్చి సోఫాలో ఆ చివర కూర్చున్నాడు. ఒకరు టీవీ వైపు, ఒకరు గోడ వైపు చూస్తున్నారు. టీవీ ఆపేసి ఉంది.

నాకు అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఒక్కటే గిన్నె. అందులో ఏం వేయాలి? బయటికి వచ్చి అదే అడిగాను. గంగారామన్న, "అవ్వ పెట్టినట్టు. అల్లం" అన్నాడు. నర్సయ్యన్న నా వైపే చూస్తూ, "చెల్లె, అవ్వ అల్లం ఎన్నడు వెయ్యలే. మిరియాలు దంచి ఏసేది. నేను పొయ్యి కాడ కూసుండి చూసినోన్ని" అన్నాడు.

గంగారామన్న ఇక ఆగలేకపోయాడు. "అరే, మా అందరికి అల్లం చాయే రా. నీకు చిన్నప్పుడు దగ్గు. అల్లం ఘాటుకు కక్కుకునేటోనివి. నీ కోసం అవ్వ వేరే గిన్నె పెట్టి మిరియాలేసేది. గా గిన్నెల ఇంకెవలనూ తాగనియ్యకపోయేది."

ఆ మాటలు గోడతో కాదు, తమ్ముడితోనే అన్నాడు. గుండు చూసిన రోజు తర్వాత అవే మొదటి మాటలు. నర్సయ్యన్న ముఖం చిన్నపిల్లాడిలా అయిపోయింది. "నా ఒక్కనికేనా?" అన్నాడు మెల్లగా. తన ఒక్కడి కోసం ఒక గిన్నె ఉండేదని అన్నేళ్ళు వచ్చినా ఆయనకు తెలియదు.

నేను వంటింట్లోకి పరుగెత్తి అల్లమూ మిరియాలూ రెండూ దంచి వేశాను. పత్తా పొంగింది, చక్కెర కరిగింది. ఉన్న పాలు పోశాను. చాలలేదు. ఇదే అదనని గర్వంగా నా టర్కీ సీసా తీసి గలగలా వంపేశాను. గిన్నెలో ఒక్కసారిగా ముక్కలు ముక్కలుగా తేలింది. అత్తమ్మ సీసా లాక్కుని అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకి చూసింది. "ఉప్పగున్నది. బిడ్డా, చాయల మజ్జిగ పోసినవ్!" అంది. గల్ఫ్‌కు కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ పాలనుకుని మజ్జిగ సీసా తెచ్చుకుంటారని నాకు అప్పుడు తెలియదు. నేను తెచ్చింది పైగా ఉప్పు వేసిన మజ్జిగ. ముందు నర్సయ్యన్న నవ్వాడు. గంగారామన్న పైకి నవ్వలేదు గాని భుజాలు ఊగిపోతున్నాయి. "సెలైన్ నుంచి మజ్జిగకు అచ్చింది మా కోడలు, ఎదుగుతున్నది" అని అత్తమ్మ ఇంకొంచెం ఆజ్యం పోసింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉన్న పాలు కూడా పోయాయి కదా.

అప్పుడు గంగారామన్న ఒళ్ళోని సంచి విప్పి, తడిగుడ్డ చుట్టిన నీళ్ళ సీసా తీశాడు. "మ్యాకపాలు. దొరవాళ్ల ముసలమ్మ ఇచ్చింది, కొట్ల పాలు దొరుకుతలేవని. మీరు తాగుతరో లేదో, వాసనంటరేమోనని తీయలే" అన్నాడు మొహమాటంగా. అత్తమ్మ తీసుకుని కాచి చూసింది. నేను గిన్నె కడిగి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి అత్తమ్మ నా పక్కనే నిలబడింది.

గ్లాసులు చేతికిచ్చాను. నర్సయ్యన్న కళ్ళు మూసుకుని గుటక వేశాడు. ఆ మాట కోసం నేను కాచుకుని ఉన్నాను. అనలేదు. రెండో గుటక వేసి గ్లాసులోకి చూశాడు. "అన్నా, మన మ్యాకలు" అన్నాడు. వాళ్ళ ఇంట్లో బర్రె లేదు. అవ్వ రెండు మేకలను సాకి, ఆ పాలతోనే చాయ పెట్టేదట. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ మరిచిపోయారు. అల్లమా మిరియాలా అని ఇన్నాళ్ళూ నా ప్రాణం తీసి, అసలు తక్కువైంది పాలేనని చెప్పలేకపోయారు!

గ్లాసు సగమయ్యాక నర్సయ్యన్న అడిగాడు. "ఎందుకు చెప్పలే అన్నా?"

"నువ్వు మీదున్నవ్ రా."

"దిగినంక చెప్పొచ్చు గద."

"దిగినంక మల్ల ఎక్కుతవ్ గద" అన్నాడు గంగారామన్న. "అవ్వ ఎట్లాగూ పోయింది. నిన్ను గూడ పోగొట్టుకోవాల్నా?"

నాకు ఏడుపు ఆగలేదు. గిన్నె కడిగే వంకతో లోపలికి వెళ్ళిపోయాను. అక్కడికీ నర్సయ్యన్న గొంతు వినిపిస్తూనే ఉంది. "ఇంకోసారి గట్ల చేయకు అన్నా. నేను మీదున్నా సరే, చెప్పాలె. పడితే పడ్త. చెప్పాలె." నేను తిరిగొచ్చేసరికి గంగారామన్న తల వంచుకుని గ్లాసు అడుగున మిగిలిన అల్లం ముక్కను నములుతున్నాడు.

ఆ తర్వాత మా శుక్రవారాలు ఒకే గిన్నెకు వచ్చాయి. గంగారామన్న ముందు వచ్చేవాడు, నర్సయ్యన్న వచ్చేదాకా గ్లాసు ముట్టేవాడు కాదు. చెప్పుల జతలు పక్కపక్కన పడి ఉండేవి. అల్లం ఎక్కువైందని ఒకరు, మిరియాలు తక్కువయ్యాయని ఒకరు నన్ను సాధించేవారు. నర్సయ్యన్న తర్వాత అల్ తుమామాలోనే టోపీ ఆకారంలో స్టేడియం లేస్తుంటే దాని మీద పనిచేశాడు. అది పూర్తయిన రోజు అన్నను తీసుకెళ్ళి రోడ్డు మీద నుంచి చూపించాడట. "గంత ఎత్తు మీద ఉంటివా?" అని గంగారామన్న ఆ వారమంతా సణిగాడు. ఆట మొదలయ్యేలోపే మేము అత్తమ్మను కూడా తీసుకుని హైదరాబాదు వచ్చేశాం, గంగారామన్న కూడా ఊరు చేరాడు. ఆ ఆట మేము ఇక్కడి టీవీలో చూశాం. గోలు పడితే అందరూ అరుస్తుంటే, అత్తమ్మ మాత్రం పైకప్పు వైపు వేలు చూపించి "అదిగో, గాడ నర్సిగాడు కట్టిన పరంజా ఉండె" అనేది.

ఇప్పుడు మా వంటింట్లో పొగ లాగేసే యంత్రం ఉంది, నిప్పు కనబడని పొయ్యి ఉంది. ఫోనులో వేలు నొక్కితే పాల ప్యాకెట్టు పది నిమిషాల్లో గుమ్మం ముందు ఉంటుంది. మజ్జిగను పాలనుకునే అవకాశమే లేదు, అన్నీ తెలుగులో రాసి ఉంటాయి. రవి చాయ మసాలా పొడి డబ్బా తెచ్చిపెట్టాడు, ఒక చెంచా వేస్తే చాలు, అన్నీ అందులోనే ఉంటాయట. సుఖంగానే ఉంది. కాదంటే అబద్ధమే. కానీ వారానికొకరోజు ఒక మనిషి రెండు బస్సులు మారి, ఎండలో నడిచి, చాయ కోసమని వచ్చి కూర్చోవడం మాత్రం ఇప్పుడు లేదు. ఎవరైనా వచ్చే ముందు మెసేజ్ పెడతారు. మేమూ చాయ తాగుతారా అని అడగడం నేర్చుకున్నాం.

నర్సయ్యన్న వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను అల్లం దంచుతుంటే చెప్పుకొచ్చాడు. ఆట అయిపోయినా ఆ దేశంలో కట్టడాలు ఆగలేదు, ఆయన పనీ ఆగలేదు. మొన్న ఎత్తు మీద ఉండగా ఫోను మోగిందట. వదిన. అన్నకు బాగాలేదు, డాక్టర్లు చేతులెత్తేశారు అని చెప్పింది. "నాకు సమజ్ గాలే చెల్లె. మీదున్నోనికి ఎట్ల చెప్పింది అనుకున్న. మీ అన్ననే చెప్పుమన్నడు అన్నది. సాయంత్రం దాక ఆగుదమంటే గూడ ఆగనియ్యలేదట. తమ్మునికి ఇప్పుడే ఫోన్ చెయ్యి, వాడు మీదున్నా సరే అన్నడట. నేను బెల్టు హుక్కు పట్టుకొని జరసేపు కూసున్న. తర్వాత ఒక్కొక్క మెట్టు చూసుకుంట మెల్లగ దిగిన."

ఆ రాత్రికే విమానం దొరికింది. అన్న ఇంకా ఉన్నాడు. తమ్ముణ్ణి గుర్తుపట్టాడు. నర్సయ్యన్న వాడకట్టంతా తిరిగి మేకపాలు సంపాదించి, తనే పొయ్యి ముట్టించి, రెండూ వేసి చాయ కాచి, చెంచాతో తాగించాడట.

"రెండు గుటకలు మింగిండు" అన్నాడు. "మింగి నన్ను చూసి, మిరియాలు ఎక్కువేసినవ్ రా అన్నడు. గదే చెల్లె, గదే ఆఖరి మాట."

చెబుతూ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. పక్క గదిలో అత్తమ్మ దగ్గింది, వింటోందని తెలిసింది. నేను మిరియాలు తీసిన చేతిని ఒక క్షణం ఆపి, కాసిని డబ్బాలో వేసేసి, మిగతావి దంచాను. పాలు పోసి, పొంగు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. దించి వడగట్టి పళ్ళెంలో పెట్టి తెచ్చాను. బల్ల మీద పెట్టాక చూసుకుంటే, అత్తమ్మకూ నాకూ పోను, నర్సయ్యన్న ముందు రెండు గ్లాసులున్నాయి. శుక్రవారాల అలవాటు కొద్దీ చెయ్యి పోసేసింది. నాలుక కరుచుకుని ఒకటి తీయబోయాను.

నర్సయ్యన్న నా చెయ్యి ఆపాడు. "ఉండనీ చెల్లె" అన్నాడు. "అన్నది గూడ నేనే తాగుత."